ఒక్క గ్రంథి, నాలుగు దశాబ్దాలు

నీలకంఠ రొయ్యల చెరువు పట్టుబడి చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఒకే హేచరీలో పుట్టిన పిల్ల, ఒకే రోజు వదిలిన సీడు, ఒకే నీరు, ఒకే మేత. వల లాగి గట్టు మీద పోస్తే మాత్రం ఒకటి జానెడు దాటి ఉంటుంది, పక్కది వేలెడు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆడ రొయ్యలు కాస్త అటూ ఇటూగా ఒకే సైజులో ఉంటాయి. తేడా అంతా మగవాటిలోనే. కౌంటు చూసి రేటు కట్టే బేరగాడి ముందు రైతుకు దెబ్బ తగిలేదీ ఇక్కడే.

ఈ తేడా ఎందుకు వస్తుందన్న ప్రశ్నతో మొదలుపెట్టి, అసలు మగదాన్ని మగదిగా చేసేది ఏది అన్న ప్రశ్న దాకా వెళ్లి, అక్కడే నలభై ఏళ్లుగా పాతుకుపోయిన శాస్త్రవేత్త ప్రొఫెసర్ అమీర్ సాగి. ఆయన పనిచేసే చోటు ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారి ఒడిలో ఉన్న బేర్‌షెవా, అక్కడి బెన్ గురియన్ విశ్వవిద్యాలయం. నమ్ముకున్న ప్రాణి మాత్రం మన గోదావరిలోనూ బతికే ఈ నీలకంఠ రొయ్యే. శాస్త్రం దాన్ని మాక్రోబ్రేకియం రోజెన్‌బర్గై అంటుంది, వ్యాపారం స్కాంపి అంటుంది. గుడ్డుతో ఉన్న ఆడ రొయ్య వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల వెంట దిగువకు వచ్చి, ఉప్పు తగిలిన నీటిలో పిల్లల్ని వదులుతుంది. పిల్ల లార్వా దశలన్నీ అక్కడే దాటి, రొయ్య రూపు వచ్చాక మళ్లీ మంచినీటికి ఎదురీదుతుంది. కోనసీమను మూడు వైపులా చుట్టుకున్న ఏరూ సముద్రమూ ఈ రొయ్య జీవితానికి రెండు కొసలు.

సాగి పని గురించి రాసేవాళ్లు సాధారణంగా ఫలితం దగ్గర ఆగుతారు: అన్నీ మగపిల్లలే పుట్టే సీడు, అన్నీ ఆడపిల్లలే పుట్టే సీడు. నాకు ఫలితం కంటే పనితనం ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది. ప్రతి ప్రయోగంలోనూ ఒకే ఒక్కదాన్ని తీసేయడం, లేదా ఒకే ఒక్కదాన్ని చేర్చడం. ఏం జరిగిందో ఆ రొయ్య రూపం చూసి సరిపెట్టుకోకుండా, దానికి పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టి నిర్ధారించుకోవడం. ఈ రెండు నియమాలు ఆయన పనిలో మొదటి నుంచీ కనిపిస్తాయి.

మూడు రకాల మగలు

1985లో పరిశోధకులు రానన్, సాగి కలిసి ఈ మగ రొయ్యల జత కట్టే తీరు మీద ఒక పరిశోధన ప్రచురించారు. చెరువులో ఎదిగిన మగలు మూడు రకాలు. ఒకటి నీలి కాళ్ల మగ. దాని రెండో జత కాళ్లు ఒంటి కంటే పొడవు, ముదురు నీలం, ముళ్లతో గరుకుగా ఉంటాయి. ఒక చోటును తనదిగా చేసుకుని, ఆడదాన్ని కాపాడుకుంటూ, వచ్చినవాటితో తగాదా పడుతుంది. అప్పటికే దాని ఎదుగుదల మందగించి ఉంటుంది. రెండోది నారింజ రంగు కాళ్ల మగ. తగాదాకు పోదు, ఆడదాని వెంట పెద్దగా పడదు. తిన్న మేతంతా ఒంటికి పట్టించుకుని గబగబా పెరుగుతుంది. మూడోది చిన్న మగ. ఒళ్లు చిన్నదే గాని వృషణాలు పనిచేస్తూనే ఉంటాయి. నీలి కాళ్ల పెద్ద మగ కాపలాలో ఉండగానే సందు చూసుకుని దూరి, ఆడదాన్ని కలిసి బయటపడుతుంది.

ఈ మూడూ మూడు జాతులు కావు, ఒక రొయ్య జీవితంలో రాగల మూడు దశలు. నారింజ కాళ్ల మగ చివరకు గుల్ల విడిచి నీలి కాళ్లు తెచ్చుకుంటుంది. అప్పుడు తన చుట్టుపక్కల ఉన్న అతి పెద్ద నీలి మగను సైజులో దాటి మరీ నీలిగా మారుతుంది. దాని వెనక వచ్చేది దీన్ని దాటుతుంది. పెద్దవాటిని ఏరి పట్టేస్తే కిందివాటికి ఎదిగే దారి దొరుకుతుంది. పెద్దవాటిని విడతలుగా తీసేయడం వల్ల చెరువు కోలుకుంటుందని రైతులకు అనుభవంతో తెలుసు. దాని వెనక ఉన్న లెక్క ఇదీ.

1986లో సాగి, రానన్, కోహెన్, వాక్స్ బోనుల్లో మగవాటిని ఒకచోట, ఆడవాటిని ఒకచోట పెంచి చూశారు. మగవి మాత్రమే ఉన్న చోట దిగుబడి బాగుంది. ఆడవాటి కోసం తగాదా లేదు, మేత గుడ్డు పెట్టడానికి ఖర్చు కాదు. కాని ప్రతి రొయ్యనూ చేత్తో పట్టుకుని ఆడా మగా చూసి వేరుచేయాలంటే ఎన్ని చేతులు కావాలి? పిల్ల మరీ చిన్నదిగా ఉండగా తేడా కనిపించదు, కనిపించేసరికి నెలలు గడిచి మేత ఖర్చయిపోతుంది. పుట్టుకలోనే అన్నీ మగవి కావాలి. దానికి మగతనం ఎక్కడ తయారవుతుందో తెలియాలి.

వృషణం వేరు, హార్మోను వేరు

కోడెదూడకు విత్తులు కొట్టిస్తే రెండు పనులు ఒక్కసారే జరుగుతాయి: వీర్యం పోతుంది, కోడె పొగరూ పోతుంది. పాలిచ్చే జంతువుల్లో వీర్యకణాలు, మగ హార్మోను టెస్టోస్టెరోన్ రెండూ వృషణంలోనే తయారవుతాయి కాబట్టి ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని తీయడం కుదరదు. రొయ్య, పీత, క్రేఫిష్ జాతుల్లో ప్రకృతి ఈ రెంటినీ విడదీసి పెట్టింది. వృషణం వీర్యం చేస్తుంది. హార్మోను చేసేది వీర్యనాళం చివర, ఐదో జత నడిచే కాళ్ల మొదట్లో, అంటుకుని ఉండే చిన్న గ్రంథి. పేరు ఆండ్రోజెనిక్ గ్రంథి. 1954లో ఫ్రాన్స్‌కు చెందిన హెలెన్ షార్నియో-కొటన్ ఒడ్డున గంతులు వేసే చిన్న జలచరం ఒకదానిలో దీని పని కనిపెట్టారు. ఆ గ్రంథిని ఆడదానిలో నాటితే అది మగ లక్షణాలు తెచ్చుకుంది.

హార్మోన్లు చదివేవాళ్లకు ఈ అమరిక ఒక వరం. వృషణాన్ని వదిలేసి హార్మోనును ఒక్కదాన్నే తీసేయవచ్చు. మిగతా ఒళ్లంతా చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత ఏం మారినా కారణం అదే. సాగి ప్రయోగాలన్నిటికీ పునాది ఈ శుభ్రమైన విభజనే. 1980లో నగమిని బృందం నీలకంఠ రొయ్యలో మగ పిల్ల నుంచి గ్రంథి తీసి ఆడ లక్షణాల వైపు, ఆడపిల్లలో గ్రంథి నాటి మగ లక్షణాల వైపు మళ్లించవచ్చని చూపింది. దారి తెరుచుకుంది. కాని ఆడలా కనిపించడం వేరు, ఆడై పిల్లల్ని కనడం వేరు.

పిల్లలే సాక్ష్యం

ఇక్కడ రొయ్య జన్యువుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి తేలుతుంది. ఈ రొయ్యల్లో కోళ్లలో లాగే తల్లి వైపు నుంచి తేలుతుంది. మగదానికి రెండూ ఒకే రకం క్రోమోజోములు, జెడ్‌జెడ్. ఆడదానికి జెడ్‌డబ్ల్యూ. తల్లి ఇచ్చింది జెడ్ అయితే మగ, డబ్ల్యూ అయితే ఆడ.

ఇప్పుడు జెడ్‌జెడ్ ఉన్న మగ పిల్లను, చిన్నతనంలోనే ఆ గ్రంథి తీసేసి ఆడదిగా పెంచామనుకోండి. పైకి ఆడదే: జననరంధ్రం ఐదో కాలి దగ్గర కాక మూడో కాలి దగ్గర తెరుచుకుంటుంది, తోక కింద గుడ్లు మోసే అర ఏర్పడుతుంది. లోపల జన్యువు మాత్రం జెడ్‌జెడ్. దాన్ని మామూలు జెడ్‌జెడ్ మగతో కలిపితే పిల్లలకు డబ్ల్యూ వచ్చే దారే లేదు. అన్నీ మగవే పుడతాయి. 1990లో సాగి, డాన్ కోహెన్ ఇదే చేసి చూపించారు. గ్రంథి తీసిన రొయ్య ఎంత ఆడలా కనిపించినా వాళ్లు నమ్మలేదు. మగతో కలిపి, గుడ్లు పొదిగి, లార్వాలను ఉప్పు నీటిలో పెంచి, పిల్లలు ఎదిగాక ఆడా మగా లెక్కపెట్టారు. రూపం అబద్ధం చెప్పవచ్చు, పిల్లల లెక్క చెప్పదు.

ఆ పని చెప్పినంత తేలిక కాదు. సెంటీమీటర్ల లెక్కలో ఉండే పిల్ల. మైక్రోస్కోపు కింద, ఐదో కాలి మొదట్లోకి సన్నటి పనిముట్లతో వెళ్లి, వీర్యనాళం చివర అంటుకున్న గ్రంథిని రెండు వైపులా తీయాలి. కొంచెం మిగిలినా అది మళ్లీ ఎదిగి మగతనం తెచ్చిపెడుతుంది. ఆలస్యమైతే పిల్ల ఆడదిగా మారే వయసు దాటిపోతుంది. అప్పుడు మగ లక్షణాల ఎదుగుదల ఆగుతుంది గాని ఆడతనం రాదు. ఇన్ని గండాలు దాటి పనికొచ్చే తల్లిగా తేలేవి బహు కొద్ది. 2006లో సాగి బృందం వియత్నాం పరిశోధకులతో కలిసి దీన్నే రెండంచెల పద్ధతిగా మలిచింది. ముందు కొద్ది తల్లుల్ని కత్తితో మార్చి, వాటికి పుట్టిన మగపిల్లల్లోంచే తర్వాతి తరం తల్లుల్ని తయారు చేయడం. అన్నీ మగవే అని ముందే తెలుసు కాబట్టి ఏది ఆడో ఏది మగో వెతికే అవసరం లేకుండా, మరీ చిన్న వయసులోనే చికిత్స చేయవచ్చు. కత్తి పదును పెరగలేదు, వరస మారింది. పనితనం ఎక్కడ ఉందో ఇది చెబుతుంది.

కంటి కాడ, తిరుపతి పీత

మధ్యలో సాగి అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో హాన్స్ లాఫర్‌తో కలిసి పనిచేశారు. మిథైల్ ఫార్నెసోయేట్ అనే పదార్థం పీతల్లో హార్మోనులా పనిచేస్తుందని 1987లో చూపింది లాఫర్ బృందమే. సాలీడు పీత మగల్లో కాళ్ల సైజుకూ సంతాన అవయవాల ఎదుగుదలకూ ఈ పదార్థంతో ఉన్న సంబంధాన్ని వాళ్లు వెతికారు. ఇదే దారిలో మన తిరుపతి కూడా ఉంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి. శ్రీనివాసులు రెడ్డి బృందం, వరిపొలం గట్ల బొరియల్లో దొరికే మంచినీటి పీత మీద పనిచేసి, మిథైల్ ఫార్నెసోయేట్ ఇస్తే మగ పీత వృషణాలు ఎదుగుతాయని 1999లో ప్రచురించింది. పొలంలో కాలికి తగిలితే పక్కకు నెట్టేసే ఆ పీతకు అంతర్జాతీయ పత్రికలో చోటు దక్కింది.

ఈ జాతులన్నిటిలోనూ పైనుంచి పగ్గం పట్టేది కంటి కాడ. అందులోని గ్రంథి సంతాన అవయవాల ఎదుగుదలను అణచి ఉంచే హార్మోన్లు వదులుతుంది. తీరంలోని హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కన్ను కోసి గుడ్లు పెట్టించడం వెనక ఉన్న కిటుకు ఇదే. ఆడదానిలో అణచివేత తొలగితే గుడ్లు ముదురుతాయి. మరి మగదానిలో తొలగిస్తే? ఆండ్రోజెనిక్ గ్రంథి ఉబ్బి పెద్దదవుతుందని సాగి విద్యార్థులు చూపించారు. కంటికి ఆనని గ్రంథి చేతికి అందేంత అయింది. ఈ ఉబ్బిన గ్రంథి తర్వాత ఎంత పనికొచ్చిందో ముందు ముందు చూద్దాం.

హార్మోనుకు ముఖం

గ్రంథి ఏదో తెలిసిన తర్వాత కూడా అందులోంచి వచ్చే హార్మోను ఏదో చాలాకాలం తెలియలేదు. 1999లో నేల మీద బతికే, ముట్టుకుంటే ఉండచుట్టుకునే ఒక చిన్న జీవిలో జపాన్, ఫ్రాన్స్ పరిశోధకులు దాని నిర్మాణం తేల్చారు. అది టెస్టోస్టెరోన్ లాంటి కొవ్వు జాతి హార్మోను కాదు, ఇన్సులిన్ కుటుంబానికి చెందిన ప్రోటీను. షుగరు ఉన్నవాళ్లందరికీ పేరు తెలిసిన ఇన్సులిన్‌కు ఇది దూరపు చుట్టం.

రొయ్య, క్రేఫిష్ జాతుల్లో దాన్ని మొదట పట్టుకున్నది 2007లో సాగి బృందమే. ఆస్ట్రేలియా నదుల్లోని ఎర్రకాలి క్రేఫిష్‌లో. పద్ధతి మళ్లీ తీసివేతే. గ్రంథిలో పనిచేస్తున్న జన్యు సందేశాలన్నీ ఒకవైపు పెట్టి, మిగతా కణజాలంలోనూ ఉండేవన్నీ అందులోంచి తీసేశారు. మిగిలినవాటిలో ఒకటి ఆ గ్రంథిలో తప్ప ఎక్కడా లేదు, మగవాటిలో తప్ప ఎక్కడా లేదు. దాని అక్షరాల వరస ఇన్సులిన్‌తో చూడగానే కలవదు. కాని ప్రోటీను మడతల్ని కుట్టులా పట్టి ఉంచే సిస్టీన్లు మాత్రం ఇన్సులిన్‌లో ఉన్న చోటుల్లోనే ఉన్నాయి. మధ్యముక్క కోసేస్తే రెండు గొలుసులు మిగిలే తీరు కూడా అదే. పోలిక కోసం పైపై వరసను కాక ఎముకల గూడును చూడడం ఇక్కడి నేర్పు.

ఈ ఎర్రకాలి క్రేఫిష్‌లలోనే ఇంకో వింత ఉంది. కొన్ని జన్యువుల లెక్కన ఆడవి, జెడ్‌డబ్ల్యూ. అయినా ఒక వైపు వృషణం, వీర్యనాళం, ఆండ్రోజెనిక్ గ్రంథి ఉండి మగల్లా బతుకుతాయి. రెండో వైపు అండాశయం ఉంటుంది, ఎదగకుండా ఆగిపోయి. గ్రంథి తీసేస్తే ఆ అండాశయం మేలుకుని గుడ్లలో పచ్చసొన నింపడం మొదలుపెట్టింది. 2010లో కత్తి ముట్టకుండా, ఆ ఒక్క జన్యువు నోరు మూయించినా అదే జరిగింది. ఒకే ఒంట్లో ఆడా మగా పక్కపక్కన ఉండగా, ఎవరిది పైచేయి అన్నది ఆ ఒక్క హార్మోను తేలుస్తోందని అంతకంటే స్పష్టంగా చూపడం కష్టం.

కత్తి పోయింది, సూది వచ్చింది

జన్యువు నోరు మూయించే ఈ విద్య ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్. 1998లో ఫైర్, మెలో ఒక నులిపురుగులో కనిపెట్టారు, 2006లో నోబెల్ అందుకున్నారు. ఒక జన్యువు పంపే సందేశానికి సరిపోయే జంట పోగుల ఆర్ఎన్ఏ ఇస్తే, కణమే ఆ సందేశాన్ని ముక్కలు చేసేస్తుంది. జన్యువు అక్కడే ఉంటుంది, మాట మాత్రం బయటికి రాదు.

2009లో తోమర్ వెంచురా, సాగి తదితరులు నీలకంఠ రొయ్య మగ పిల్లల్లో ఆ హార్మోను జన్యువుకు ఇది చేశారు. వాళ్లు చూసిన గుర్తు చాలా చిన్నది. తోక కింద రెండో జత ఈత కాళ్లకు మగవాటిలో ఒక చిన్న పుల్ల లాంటి కొమ్మ అదనంగా ఉంటుంది. దాన్ని తుంచేస్తే మామూలు మగ పిల్లలో గుల్ల విడిచేకొద్దీ మళ్లీ మొలుస్తుంది. సూది వేసిన పిల్లల్లో మొలవలేదు. ఎదుగుదల మందగించింది, గుల్ల విడవడం ఆలస్యమైంది, వృషణంలో వీర్యకణాల తయారీ ఆగింది. గ్రంథి మాత్రం ఉబ్బింది. తన మాట బయటికి పోవడం లేదని గ్రహించి, లోటు పూడ్చుకోడానికి ఇంకా గట్టిగా పనిచేసినట్టు. సూదులు ఆపేశాక మగ లక్షణాలు తిరిగి వచ్చాయి. ఈ తిరిగి రావడమే ప్రయోగానికి ప్రాణం. మందు విషమై పిల్ల పాడైతే ఇలా కోలుకోదు.

తర్వాతి ప్రశ్న సహజం: ఇంకా ముందు, ఆడా మగా తేలకముందే మొదలుపెడితే? 2012లో జవాబు వచ్చింది. చాలా చిన్న వయసు నుంచి సూదులు వేసిన మగ పిల్లలు పూర్తి ఆడవై ఎదిగి, మగలతో కలిసి, గుడ్లు మోసి, పిల్లల్ని కన్నాయి. పిల్లలన్నీ మగవే. మళ్లీ అదే సాక్ష్యం. ఒక్క జన్యువును మౌనంగా ఉంచి ఒక జీవి లింగాన్ని పనికొచ్చేలా మార్చడం అప్పటికి కొత్త. 2011లోనే ఆడవాటికి మాత్రమే ఉండే డీఎన్ఏ గుర్తును కనిపెట్టి ఉండడం వల్ల, పైకి ఆడగా కనిపించేది నిజమైన ఆడదో మార్చిన మగదో చిన్న ముక్క కణజాలంతో తేల్చుకోగలిగారు.

తిలాపియా పిల్లలకు మేతలో మిథైల్ టెస్టోస్టెరోన్ కలిపి మగవిగా మార్చే పద్ధతితో దీన్ని పోల్చి చూడండి. అక్కడ మందు తిన్న చేపే మార్కెట్‌కు వస్తుంది. ఇక్కడ సూది పడింది తల్లికి, చెరువుకొచ్చేది దాని పిల్ల. జన్యువులో మార్పు లేదు, ఒంట్లో కలిపిన హార్మోను లేదు.

తన జవాబును తానే తిరగేయడం

సాగి పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి మలుపు. అన్నీ మగవైతే దిగుబడి పెరుగుతుంది, నిజమే. కాని నీలి కాళ్ల పెత్తనం పోదు కదా. మొదట చెప్పుకున్న సైజు తేడా మగ చెరువులోనూ ఉంటుంది. ఆడవి మగవాటి అంత పెద్దవి కావు, కాని తగాదాలు తక్కువ, సైజు సమానం, ఒత్తుగా వదిలినా సర్దుకుంటాయి. పాతికేళ్లకు పైగా మగ సీడు కోసం కష్టపడిన ప్రయోగశాలే ఆడ సీడు మీద పడింది.

ఇక్కడ ఆ ఉబ్బిన గ్రంథి అక్కరకొచ్చింది. కంటి కాడ తీసిన మగల్లో పెద్దదైన గ్రంథిని కణాలుగా విడదీసి, ఆ కణాల్ని ఆడ పిల్లకు ఒకే ఒక్క సూదిగా వేశారు. ఆ పిల్ల మగదిగా ఎదిగింది, జన్యువు మాత్రం జెడ్‌డబ్ల్యూ. దాన్ని మామూలు ఆడదానితో కలిపితే పిల్లల్లో నాలుగో వంతుకు డబ్ల్యూడబ్ల్యూ వస్తుంది. ప్రకృతిలో లేని ఈ ఆడవి చక్కగా బతికాయి. వీటిని మామూలు మగతో కలిపితే ప్రతి పిల్లకూ తల్లి నుంచి డబ్ల్యూ తప్పదు, అన్నీ ఆడవే. 2016లో ఇది అచ్చయింది. మొదట తీసివేత, ఇప్పుడు చేర్పు. రెండు దారుల్లోనూ ముట్టుకున్నది ఆ ఒక్క గ్రంథినే.

మన చెరువుకొస్తే

దేశంలో నీలకంఠ రొయ్య దిగుబడి 2005-06లో 40 వేల టన్నులు దాటింది, అందులో ఆంధ్రది సింహభాగం. తర్వాత కొద్ది ఏళ్లలోనే కుప్పకూలింది. అవే తల్లుల్ని తరతరాలుగా వాడడంతో ఎదుగుదల తగ్గింది, తోక తెల్లబడే వైరస్ జబ్బు హేచరీల్ని దెబ్బతీసింది, 2009 నుంచి వనామీ రొయ్య పెంపకానికి అనుమతి రావడంతో రైతులు అటు మళ్లారు. కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చెరువుల్లో ఇప్పుడు కనిపించేది వనామీయే. భువనేశ్వర్‌లోని మంచినీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీఫా మేలురకం తల్లుల్ని ఎంపిక చేసి తరం తరం మెరుగుపరుస్తోంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా కింద పనిచేసే రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం బెన్ గురియన్ విద్యతో మగ సీడును మన రాష్ట్రంలోనే తయారు చేసే పని చేపట్టింది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మగ సీడైనా ఆడ సీడైనా వైరస్‌ను ఆపదు, నాసిరకం వంశాన్ని బాగుచేయదు. లింగం ఒక సమస్య, వంశం ఇంకో సమస్య.

అయితే సాగి పెట్టుకున్న పరీక్ష మాత్రం కొనేవాడికి వెంటనే పనికొస్తుంది. మాటను, బ్రోచరును, రొయ్య రూపాన్ని కాక పిల్లల్ని అడగడమే ఆ పరీక్ష. మగ సీడని అమ్మితే, కాలువ నీటితో ఏటి రొయ్య దూరకుండా మోటారు గొట్టం మూతికి సన్న వల కట్టండి. మూడో నెల దాటాక విసురువల వేసినప్పుడల్లా తోక కింద చూడండి. అక్కడ గుడ్లు మోస్తున్న రొయ్య ఒక్కటి కనిపించినా, అమ్మినవాడు చెప్పింది పూర్తి నిజం కాదు.